రెండంగుళాల తీగ

ఆ వేసవిలో నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నేనన్న ప్రతి మాటా ఏ ఎలక్ట్రానిక్స్ పుస్తకంలో వెతికినా దొరుకుతుంది. నా సిగ్గంతా అందుకే.

నా పేరు బుల్లబ్బాయి. ఈ పేరుతో అమీర్‌పేటలో పాఠాలు చెప్పుకుని బతకడం అంత తేలికేం కాదు. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ వెనక బెంచీ ఒకసారి నవ్వుతుంది. అమలాపురం దగ్గర మా ఊళ్లో మా తాత పేరు పెట్టారని చెబితే ఇంకోసారి నవ్వుతుంది. అందుకని మొదటి రోజే గట్టి పాఠం ఎత్తుకుంటాను. బ్యాటరీలు, మోటార్లు, వాటిని కాపాడే సర్క్యూట్లు. పన్నెండేళ్లుగా అదే బోర్డు, అవే బొమ్మలు. సారుకి తెలియనిది లేదని పిల్లలు అనుకుంటారు. వాళ్లు అనుకోగా అనుకోగా నేనూ అనుకోవడం మొదలుపెట్టాను.

మేం అద్దెకుండేది బల్కంపేటలో, ఎల్లమ్మ గుడికి రెండు సందుల అవతల. కింద ఇంటివాళ్లు, పైన నేనూ మా ఆవిడ అరుణాదేవీ. ఇంటావిడ ఇక్బాల్ బేగం పెద్దావిడ, ముందుగదిలో మంచం మీదే ఎక్కువసేపు ఉంటారు. ఆవిడ కొడుకు అజీమ్ షాపులకూ ఆఫీసులకూ ఫాల్స్ సీలింగ్ వేస్తాడు. అజీమ్ భార్య జకియా. ఆమెకొక కుట్టుమిషను బండి ఉంది. తోపుడుబండి మీద మిషను బిగించుకుని, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా అమీర్‌పేట లేడీస్ హాస్టలు గేటు ముందు కూర్చుంటుంది. జీన్సు పొడవు తగ్గించడం, కుర్తీ పక్కలు బిగించడం, చీరకు ఫాల్ వేయడం ఆమె పని. టైలరు షాపుకెళ్తే వారం తర్వాత రమ్మంటాడు. ఆడపిల్లలు మర్నాటి ఇంటర్వ్యూకి కొన్న ప్యాంటు జకియా దగ్గరికి తెచ్చి, అక్కడే నిలబడి కుట్టించుకుని పోతారు.

మార్చిలో మెట్రో స్టేషను కింద స్కూటరు తగిలి జకియా పడింది. మోకాలు దెబ్బతింది. ఇక మిషను తొక్కొద్దని డాక్టరు చెప్పాడు. మోటారు పెట్టుకుందామంటే గేటు దగ్గర కరెంటు లేదు, హాస్టలువాళ్లు ప్లగ్గు ఇవ్వరు. పదిరోజులు బండి మెట్ల కిందే ఉండిపోయింది. ఒక పొద్దున నేను క్లాసుకి దిగుతుంటే ఆమే ఆపి అడిగింది.

"సార్, మా ఆయన డ్రిల్లు మిషను బ్యాటరీతోని కుట్టుమిషను మోటరు నడువదా?"

ఆ ఆలోచన ఆమెదే. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత అందరూ అది నాదనే అన్నారు, నేనూ కాదనలేదు.

అజీమ్ దగ్గర అలాంటి బ్యాటరీలు నాలుగున్నాయి. కలవకుండా వాటి మీద మార్కరుతో ఒకటి నుంచి నాలుగు దాకా నెంబర్లు వేసుకున్నాడు. ఒక ఆదివారం డాబా మీద కూర్చుని, బ్యాటరీ ఒకవైపే దూరేలా ఒక డబ్బా చేశాను. జకియా కాలు చాపుకుని ఎదురుగా కూర్చుంది. ప్రతిదీ అడిగింది.

"గిదేంది సార్?"

"ఫ్యూజు. వైర్లు ఒకదానికొకటి తగిలితే ఇది కాలిపోతుంది, మిగతావి బతుకుతాయి."

"మరి గీ బోర్డు?"

"అసలుది ఇదే జకియా గారూ. డ్రిల్లులో అయితే, బ్యాటరీ మరీ దిగిపోకముందే ఆపేసే ఏర్పాటు ఆ మిషనులోనే ఉంటుంది. అజీమ్ బ్యాటరీల్లో మాత్రం లేదు. తీసి ఇంకోదానికి తగిలిస్తే ఆపే దిక్కుండదు, పూర్తిగా పీల్చేస్తుంది. అలా పీల్చేసినదాన్ని మళ్లీ చార్జింగ్ పెడితే లోపల పాడై అంటుకోవచ్చు. అందుకని పదిహేను వోల్టులకు దిగగానే ఈ బోర్డు మోటారు ఆపేస్తుంది."

"కుట్టు నడుమల ఆగిపోతే?"

"ఆగాలి. ఆగడమే దాని పని. ఆగితే ఇంకో బ్యాటరీ పెట్టుకోండి."

"ఆగుడే దాని పని," అని ఆమె తనలో తాను ఒకసారి అనుకుంది. నా బ్యాచ్‌లో ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

బండి మళ్లీ గేటు దగ్గరికి వెళ్లింది. కాలు ఊరికే ఆనిస్తే చాలు, మిషను తిరుగుతుంది. అజీమ్ సందంతా చెప్పుకొచ్చాడు, "మా పైన సార్ ఉన్నడు, మస్తు దిమాగ్." ఇక్బాల్ బేగం నన్ను పిలిపించి తలమీద చెయ్యి పెట్టారు. నాకు బాగానే ఉంది. కాదనను, చాలా బాగుంది.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం క్లాసు ముగించుకుని హాస్టలు మీదుగా వస్తున్నాను. బండి చుట్టూ ఏడెనిమిదిమంది అమ్మాయిలు. జకియా ఒక జీన్సు అంచు మడిచి కుడుతోంది. పక్కకుట్టు దగ్గర బట్ట నాలుగు మడతలై మందంగా ఉంటుంది కదా, అక్కడికి రాగానే మోటారు ఆగింది. ఆమె మళ్లీ నడిపింది. మళ్లీ ఆగింది.

"సార్, పొద్దుమాపు గిదే," అంది జకియా నన్ను చూసి. "బ్యాటరీ నిండగనే ఉన్నది. మందం బట్ట వస్తె ఆగుతున్నది."

గుంపులో రవళి ఉంది. నా సాయంత్రం బ్యాచ్ పిల్ల. తెలివైనది, నోరు కూడా ఉంది.

"సార్, ఈ డిజైన్ మీదా? మీ పాఠంలాగే మధ్యలో ఆగుతుందేంటి సార్?"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, హాస్టలు గేటు దగ్గర పిల్లలు నవ్వే నవ్వే. కానీ నాకు చెవులు వేడెక్కాయి.

ఎందుకు ఆగుతోందో చూడగానే తెలిసింది. మందం బట్ట దగ్గర మోటారు ఎక్కువ లాగుతుంది, ఒక్క క్షణం వోల్టేజి పడిపోతుంది, బ్యాటరీ అయిపోయిందనుకుని బోర్డు మోసపోతుంది. దానికి మందు కూడా తెలుసు. వైర్లు పొట్టిగా, లావుగా మార్చాలి, బోర్డు రెండు సెకన్లు ఆగి చూసేలా సవరించాలి. ఒక ఆదివారం పని. కానీ ఆ నవ్వు ఆదివారం దాకా ఆగేలా లేదు. ఆ రాత్రే డబ్బా పైకి తెచ్చుకుని, రెండంగుళాల రాగితీగ తీసుకుని, బోర్డుకి ఇటు కాలు నుంచి అటు కాలుకి టంకం పెట్టేశాను. ఇక కరెంటు బోర్డుని అడగకుండా పోతుంది.

డబ్బా చేతికిస్తూ, "ఇక ఆగదు," అన్నాను. "మోటారు నీరసంగా తిరుగుతోందనిపిస్తే మీరే బ్యాటరీ మార్చేయండి."

"ఆగాలె అన్నరు గద సార్?"

"అది నేను చూసుకున్నాను లెండి."

చుట్టూ పదిమంది నిలబడి "ఆంటీ తొందరగా, ఆంటీ నాది ముందు" అంటుంటే మోటారు నీరసం ఎవరు వింటారు? రెండువారాలు తిరక్కముందే ఒక పొద్దున అజీమ్ మూడో నెంబరు బ్యాటరీ పట్టుకుని పైకొచ్చాడు.

"సార్, చార్జర్ దీన్ని తీస్కుంటలేదు. ఎర్ర లైటు కొడ్తున్నది. ఇయ్యాల పంజాగుట్టల షోరూం పని ఉన్నది, బండికి ఒకటి పోను నాకు మూడు బ్యాటరీలన్న గావాలె."

చార్జరు ఎందుకు తీసుకోవడం లేదో నాకు తెలుసు. దిగకూడనంత దిగిపోయింది, ఇది ఇక పనికిరాదని చెబుతోంది. ఆ మాట అజీమ్‌కి చెబితే ఎలా దిగిందనే ప్రశ్న వస్తుంది. "ఇటివ్వండి, పది నిమిషాలు," అన్నాను. డాబా మీదికి తీసుకెళ్లి, నిండుగా ఉన్న నాలుగో నెంబరుని దాని పక్కన పెట్టి, రెండు వైర్లతో ఒకదానిలోంచి ఇంకోదానిలోకి బలవంతంగా కాస్త కరెంటు పోశాను. తీగ మీద బట్టలు తీస్తున్న జకియా వచ్చి నిలబడింది.

"గట్ల చేయొచ్చా సార్?"

"రోజూ క్లాసులో నేను చెప్పే పాఠం ఇదేనమ్మా," అన్నాను.

నిజమే. ఇలా చేయకూడదని చెబుతాను.

ఈసారి చార్జరు ఒప్పుకుంది. "కమాల్ సార్!" అని అజీమ్ నా భుజం తట్టి పోయాడు. ఆ నెలలో అదే మూడో నెంబరుకి ఇంకో రెండుసార్లు అలాగే చేశాను. ఆ రోజుల్లోనే బండి సర్దుతుంటే జకియా చేతిలోంచి ఒకటో నెంబరు మెట్ల మీద పడింది. అజీమ్ కేకలేశాడు. నేను తీసి చూశాను, మూల మీద చిన్న గీత తప్ప ఏం కాలేదు.

మే చివరి ఆదివారం. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చాను. కింద టప్, టప్‌మని టపాసుల్లాంటి చప్పుడు. వెంటనే అరుపులు. మెట్లు దిగేసరికి ముందుగది తలుపులోంచి తెల్లటి పొగ వస్తోంది. గడప పక్కన చెప్పుల అరమీద చార్జరుకి పెట్టిన బ్యాటరీ మండుతోంది. దాని కింద అరలో హాస్టలు పిల్లల బట్టలమూట. లోపల మంచం మీద ఇక్బాల్ బేగం. అజీమ్ తల్లిని రెండు చేతులా ఎత్తుకుని వెనక తలుపు వైపు పరుగెత్తాడు. జకియా తుడుపుకర్రతో ఆ మండుతున్నదాన్ని గడప దాటించి సందులోకి ఈడుస్తోంది. మూట అంటుకుంది. దాన్ని ఆమె వట్టి చేత్తో లాగి బయటికి విసిరింది.

"ఇసుక! ఇసుక పొయ్యండి!" అని నేను అరిచాను. ఎదురింటివాళ్ల కట్టుబడి ఇసుక కుప్ప అక్కడే ఉంది. అందరం కలిసి పోశాం. ఆరింది.

ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. జకియా కుడి అరచెయ్యి కాలింది. తలుపు చెక్క నల్లబడింది. మూటలో పద్నాలుగుమంది బట్టలు పోయాయి. సందులో జనం పోగయ్యారు. ఆస్పత్రికి ఆటో పిలిచి, అది వచ్చేలోగా అజీమ్ నా దగ్గరికొచ్చాడు. మొహమంతా మసి.

"ఎందుకైంది సార్? మీకు ఎర్కయితది గద, చెప్పండి. ఎందుకైంది?"

నాకు తెలుసు. డబ్బా కిటికీ మీదే ఉంది, మూత తీస్తే నా తీగ కనపడుతుంది. సందులో సగంమంది నా మొహం చూస్తున్నారు.

"ఈ బ్యాటరీలు కింద పడితే లోపల సెల్స్ దెబ్బతింటాయి," అన్నాను. "పైకి ఏం కనపడదు. కొన్నాళ్లకి చార్జింగ్ పెట్టినప్పుడు ఇలా అంటుకుంటాయి."

అజీమ్ వెనక్కి తిరిగాడు.

"మెట్ల మీద పడేసినవ్ గద నువ్వు! చెప్పిన్నా లేదా, జాగ్రత్త అని? అమ్మీ లోపల పండుకోని ఉన్నది!"

జకియా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అరుణ ఆమె చేతి మీద నీళ్లు పోస్తోంది. జకియా భర్తను చూడలేదు, నన్ను చూసింది. తర్వాత ఇసుకలో నల్లగా ఉన్న ముద్దను చూసింది. నెంబరు కాలిపోయింది. నేను కిటికీ దగ్గరికెళ్లి, డబ్బా తీసి జేబులో వేసుకున్నాను.

మర్నాటి నుంచి బండికి గొలుసు పడింది. మిషను మీద పాత దుప్పటి కప్పారు. బ్యాటరీల జోలికి పోవద్దని అజీమ్ భార్యకు చెప్పాడు. అసలు బయటికే వద్దన్నాడు. హాస్టలు పిల్లలు అడ్రసు కనుక్కుని వచ్చేవాళ్లు. చేతికి కట్టుతో జకియా గడపలో నిలబడి ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పేది. రవళి కూడా వచ్చింది. ఇంటర్వ్యూ ప్యాంటు పోయింది తనది. "పర్లేదాంటీ, మీకేం కాలేదు కదా," అని వెళ్లింది. పైన వరండాలో నేను పేపరు అడ్డం పెట్టుకుని ఇదంతా విన్నాను.

బక్రీద్ రోజున ఇక్బాల్ బేగం గిన్నెడు సేమ్యా పాయసం పంపించి, వెనకాలే నన్ను కిందికి పిలిచారు.

"బేటా, నువ్వు ఇసుక అనకపోతె మా ఇల్లు ఉండకపోవు. అల్లా నిన్ను సలామత్ ఉంచాలె."

ఆవిడ చెయ్యి నా తలమీద ఉంది. జకియా వంటింటి గుమ్మంలో నిలబడి ఎడమచేత్తో గ్లాసులు సర్దుతోంది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. "అవునమ్మా, ఇసుకే పొయ్యాలి దీనికి," అన్నాను. ఆ మాటా నిజమే.

డబ్బా మా బీరువాలో నా బనియన్ల కింద ఉంది. పారేద్దామని రెండుసార్లు తీశాను. ఎక్కడ పారేసినా ఎవరో ఒకరు మూత తీసి చూస్తారనిపించింది. జూన్ మధ్యలో అరుణ బట్టలు సర్దుతూ దాన్ని పట్టుకుని వచ్చింది.

"ఇది కింద జకియా బండిది కదండీ?"

"ఆఁ. రిపేరుకి తెచ్చాను."

"రిపేరుకి తెచ్చింది బనియన్ల కింద ఎందుకుంది?"

అరుణ డబ్బాని భోజనాల బల్ల మీద నా కంచం పక్కన పెట్టి వెళ్లిపోయింది. రాత్రి భోజనానికి అక్కడే ఉంది. మర్నాడు టిఫినుకీ అక్కడే ఉంది. పక్కకి జరిపితే అరుణ మళ్లీ కంచం పక్కకే తెచ్చి పెట్టేది. మూడోరోజు పొద్దున ఉప్మా సగంలో వదిలేసి, డబ్బా తీసుకుని కిందికి వెళ్లాను.

అజీమ్ పనికి బయల్దేరబోతున్నాడు. జకియా అత్తగారికి మందులిస్తోంది. నిలబడే మూత తీసి తీగ చూపించాను. ఎప్పుడు పెట్టానో, ఎందుకు పెట్టానో, డాబా మీద మూడుసార్లు ఏం చేశానో చెప్పాను. మధ్యలో దాహమేసినా నీళ్లు అడగడానికి మొహం చెల్లలేదు.

అజీమ్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"కింద పడితె గూడ గట్లయితదన్నరు గద సార్?"

"అవుతుంది. కానీ ఇది అందుకు కాలేదు."

"ఒకటో నెంబరు పడ్డది," అంది జకియా, మాత్ర పొట్లం మడుస్తూ. "గది ఇప్పటికీ మంచిగనే నడుస్తున్నది. కాలింది మూడో నెంబరు."

అజీమ్ ఆమె వైపు తిరిగాడు. "మరి నాకు చెప్పకపోతివి?"

"చెప్పిన. ఆస్పత్రికి పోతుంటె ఆటోల చెప్పిన. ఇంటికొచ్చినంక సుత చెప్పిన. సార్‌కంటె నీకు ఎక్కువ ఎర్కనా అన్నవ్."

అజీమ్ చేతిలోని డ్రిల్లు పెట్టెను నేలమీద పెట్టి, చెప్పుల అర దగ్గర నల్లబడిన తలుపుని చాలాసేపు చూశాడు. నన్ను తిడతాడని చూశాను. తిడితే బాగుండేది.

"కాలిన చెయ్యి పట్టుకోని కూసున్నదాన్ని అంతమందిల తిట్టిన సార్ నేను," అన్నాడు. తర్వాత, "చాయ్ తాగి పోండి," అన్నాడు, నా వైపు చూడకుండా.

తాగలేకపోయాను. లేవబోతుంటే జకియా డబ్బా తీసుకుని మళ్లీ నా చేతిలో పెట్టింది.

"తీగ పీకెయ్యండి. మొదాలు ఎట్లుండెనో గట్ల చెయ్యండి. నా ముందల."

ఆదివారం డాబా మీద మళ్లీ కూర్చున్నాం. తీగ పీకాను. లావు వైర్లు వేశాను, బోర్డు రెండు సెకన్లు ఆగి చూసేలా సవరించాను. మొదటే చేయాల్సిన పని, రెండు గంటలు కూడా పట్టలేదు. జకియా ఈసారి ఏమీ అడగలేదు, చూస్తూ కూర్చుంది. ఆమె అరచేతిలో కొత్త చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. మూడోదానిలోకి కరెంటు పోసిన నాలుగో నెంబరుని ఇక వాడొద్దని పక్కన పెట్టించాను. కొత్త బ్యాటరీలు రెండు కొని కింద ఇస్తే అజీమ్ వద్దనలేదు, సంతోషమూ పడలేదు. ఆ తర్వాత సందులో ఎవరితోనూ మా పైన సార్ ఉన్నడని అతను చెప్పగా నేను వినలేదు.

ఆషాఢంలో బోనాలు మొదలయ్యాయి. ఎల్లమ్మ కళ్యాణం వారం సందులన్నీ జనం. అమ్మాయిలకు జాకెట్లు బిగించాలి, లంగాలకు అంచులు కుట్టాలి. జకియా బండి మళ్లీ హాస్టలు గేటు దగ్గర ఉంది. నేను రోజూ రోడ్డుకి అవతలి పక్కనుంచి పోయేవాణ్ని. ఆ సాయంత్రం మెట్రో మెట్ల దగ్గర జనం తోసేస్తే బండి ముందుకొచ్చి పడ్డాను.

"సార్!" అని రవళి పలకరించింది. తప్పించుకునే దారి లేదు.

జకియా ఒక లంగా అంచు కుడుతోంది. మోటారు ఆగింది.

"అయ్యో ఆంటీ, ఆగిపోయిందే," అంది ఆ లంగా పిల్ల.

"సార్ డిజైన్ కదా, అంతే," అని రవళి నవ్వింది.

జకియా తల ఎత్తలేదు. ఆగిన బ్యాటరీ తీసి సంచిలో పెట్టి, ఒకటో నెంబరు తీసింది.

"ఆగాలె బిడ్డా. ఆగుడే దాని పని. నాకు మా సారే నేర్పిండు."

పిల్లలందరూ నా వైపు చూశారు, ఈసారి నవ్వుతూ కాదు, గౌరవంగా. జకియా అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

"లేదమ్మా, ఆగకుండా చేసింది నేనే..." అని మొదలుపెట్టాను. అప్పుడే ఆమె కాలు ఆనించింది. మిషను గడగడమంది, గుడి వైపు డప్పులు కూడా మొదలయ్యాయి. రవళి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటి సార్?" అంది.

ఇంకొంచెం గట్టిగా చెబితే వినపడేది.